సెగ తెచ్చిన బయ్యక్క

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, గవ్వలేరు పక్కన ఉదయగల్లు అనే రాజ్యం ఉండేది. అక్కడ బంగారం వెతికినా దొరకదు గానీ, ఇనుము మాత్రం కాలికి తగులుతుంది. ఏటి ఇసుక నల్లగా, చేట నిండా తీస్తే నడుం వంగేంత బరువుగా ఉండేది. ఆ ఇసుకను కడిగి, కరిగించి, ఉక్కు చేసే ఊరు కొలిమిపాడు. ఊరి నడుమ ఏనుగంత ఎత్తున పెద్దకొలిమి. దాని నిప్పు ఏనాడూ ఆరిందని ఎవరూ విననే లేదు. రాజ్యంలో ఏ కమ్మరి కొలిమి రాజేసుకున్నా అక్కడి నిప్పుకణిక తీసుకెళ్ళి రాజేయాల్సిందే. నాగలికర్రు మొదలు కత్తిపీట దాకా అన్నీ ఆ నిప్పు కన్న బిడ్డలే.

ఆ పెద్దకొలిమి చుట్టూ బూడిదతో ఒక గీత గీసి ఉండేది. లోపల మగవాళ్ళు, బయట ఆడవాళ్ళు. ఇసుక కడిగేది ఆడవాళ్ళే, బొగ్గు ఏరేది ఆడవాళ్ళే, ఇనుము కరిగించే మట్టిమూసలు చేసేదీ ఆడవాళ్ళే. మూస అంటే మరేం కాదర్రా, బంకమట్టిలో వరిఊక కలిపి, బాగా తొక్కి, పిడికెడు కుండలా చేసి ఆరబెట్టినది. ఒకసారి వాడి పగలగొట్టేస్తారు. అన్నీ చేసి, గీత దాకా మోసుకొచ్చి, అక్కడ దించి వెనక్కి తిరగాలి. ఆడదాని నీడ పడితే నిప్పు అలుగుతుందని అక్కడి మాట. ఎవరన్నారయ్యా అని అడిగితే, ఎప్పుడో ఎవరో అన్నారనేవాళ్ళు.

కొలిమిపెద్ద మారోజుకు ఒక్కతే కూతురు, బయ్యక్క. పదహారేళ్ళ పిల్ల. ఆమె చేసిన మూస నిప్పులో పగిలిందని ఎవరూ అనలేదు. మూసలు ఆరేలోగా గీత ఇవతల కూర్చుని మంటను చూస్తూ పెరిగింది. లోపల మగవాళ్ళు గాలి ఊదే తోలుతిత్తుల పోట్లు లెక్కపెట్టి పని చేసేవాళ్ళు. వెయ్యి పోట్లు పడితే మూసలో ఉక్కు దిగినట్టేనని వాళ్ళ లెక్క. బయ్యక్కకు లెక్కతో పని లేదు. మంట మొదట మోదుగుపువ్వులా ఎర్రబడుతుంది. ఆ తర్వాత తంగేడుపువ్వులా పచ్చబడుతుంది. చివరికి జిల్లేడుపాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు వచ్చినప్పుడే ఉక్కు దిగుతుందని ఆమె కళ్ళకు తెలుసు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళుంటే కదా!

ఇలా ఉండగా ఆ ఏడు రాజు ఉదయరాజుకు కోట పండుగ చేసుకోవాలని బుద్ధి పుట్టింది. ఊరేగింపుకు వెయ్యి ఈటెలు కావాలని కొలిమిపాడుకు కబురు పంపాడు. అన్ని ఈటెలకు బొగ్గెక్కడిది? ఎండుకట్టె అయిపోయింది. అప్పుడు మారోజు తొందరపడి, కొండవాలున్న ఇప్పతోపు కొట్టించాడు. పూత మీదున్న చెట్టును కొలిమికి కొట్టకూడదని తాతలనాటి కట్టు. ఆ కట్టు అందరికీ తెలుసు. అయినా బండ్లు వచ్చాయి, మొద్దులు బొగ్గుబట్టీలో పడ్డాయి.

ఆ బొగ్గు పోసిన రోజు పెద్దకొలిమిలో మంట ఎప్పటిలాగే లేచింది. కానీ మూసలు ఎర్రబడలేదు. మారోజు పట్టకారు పెట్టి చూశాడు. చేయి పెట్టి చూశాడు. మంటలో చేయి చల్లగా ఉంది, ఏటినీళ్ళలో పెట్టినట్టు! మంట ఉంది, సెగ పోయింది. మరుసటి గడియలోనే మారోజు పాదాలు బరువెక్కాయి. వంగి చూసుకుంటే వేళ్ళు నల్లగా, గట్టిగా మెరుస్తున్నాయి. అవి ఇనుమైపోయాయి.

రాజ్యంలోని కొలుముల్లోనూ, పొయ్యిల్లోనూ అంతటా చల్లమంటే. అన్నం ఉడకదు, కర్రు సాగదు. ఏరువాక పున్నమికి మూడు వారాలుంది. మొద్దుబారిన కర్రులతో దుక్కి దున్నేదెలా? దుక్కి లేకపోతే తిండెక్కడిది? మారోజు వంట్లో ఇనుము రోజుకు నాలుగు వేళ్ళ ఎత్తున పైకి పాకుతోంది. లెక్క కట్టి చూస్తే అదీ సరిగ్గా పున్నమినాటికి నెత్తికెక్కేటట్టుంది.

అప్పుడొక బైరాగి ఆ దారిన పోతూ కొలిమిని చూసి తల ఊపాడు. "సెగ ఎక్కడికీ పోలేదు. సెగలకొండ మీద సెగలవ్వ ఒడిలో ఉంది. వెళ్ళి అడిగి తెచ్చుకోండి. తెచ్చే పాత్ర మాత్రం చూసుకుని తీసుకెళ్ళండి" అని చెప్పి, అడిగేలోగా వెళ్ళిపోయాడు.

రాజు చాటింపు వేయించాడు. సెగ తెచ్చినవాళ్ళకే కొలిమి పెద్దరికం అన్నాడు. రాజ్యానికే ప్రాణం లాంటి సెగను తేవడానికి మామూలు పాత్ర పనికిరాదని సేనాపతికి బంగారు బిందె ఇచ్చాడు. అది కొండ అంచున సెగ తగలగానే వెన్నముద్దలా కరిగిపోయింది. అతని వెనకే మారోజుకు కుడిభుజం లాంటి సింగోజు బయలుదేరాడు. అతను బయ్యక్కకు మేనమామ, గుబురు మీసాల మనిషి. జానెడు మందం పాత ఇనుప పెట్టె ఒకటి మోసుకెళ్ళి, మీసాల్లో ఒక పక్క కాల్చుకుని తిరిగొచ్చాడు.

"ఏమైంది మామా?" అని బయ్యక్క అడిగింది.

"పెట్టె కరిగిందే! దారిలో ఒక ఇనుప జంతువు, ఆ పైన గాలిభూతాలు. అన్నీ దాటి పోయినా ఆ ముసలిది నన్నొక్క మాట అడిగి, నేను చెప్పింది విని, పొమ్మంది" అంటూ సింగోజు ఉన్న మీసం దువ్వుకున్నాడు.

"ఏం అడిగింది?"

"నీకెందుకే ఆ గొడవ? పోయి మట్టి తొక్కుకో."

బయ్యక్క పోయి మట్టి తొక్కింది. తొక్కుతూ తొక్కుతూ ఆలోచించింది. బంగారం కరిగింది, ఇనుము కరిగింది. ఇనుమును కరిగించేటప్పుడు కరగకుండా ఉండేదేమిటి? తన కాళ్ళకింద మట్టేగా! రాజులకు మట్టి కంటికి ఆనదు. కమ్మరులకేమో మూసంటే వాడి పారేసేదే. అందుకే ఎవరికీ తట్టలేదు.

మూడుసార్లు తొక్కిన మట్టితో, మూతతో సహా ఒక మూస చేసింది. ఎండలో మూడురోజులు ఆరబెట్టి, గోటితో కొట్టి చూసింది. కంచులా ఖణేల్మంది. ఆ మూస కొంగున కట్టుకుని గీత దగ్గరకు వెళ్ళింది. మారోజుకు అప్పటికి నడుందాకా ఇనుమే. పున్నమి ఇంకా తొమ్మిది రోజులుంది.

"నాయనా, నేను వెళ్తున్నా."

"ఎక్కడికే?"

"సెగలకొండకు."

మారోజు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మగాళ్ళు, మొనగాళ్ళు తిరిగొచ్చారు. ఆడపిల్లవు, నువ్వు గీత బయటుండాలమ్మా."

"గీత కొలిమి చుట్టే ఉంది నాయనా, అడవి చుట్టూ లేదు" అంది బయ్యక్క.

తల్లి లచ్చమ్మ ఏడుస్తూనే అటుకులు, బెల్లం మూట కట్టి, తలకు రాసుకోమని ఆముదం బుర్ర ఇచ్చింది. "జుట్టు ఎండగట్టుకోకే" అంది. కూతురు ప్రాణం మీదికి పోతుంటే జుట్టు గోలేమిటంటారా? తల్లులంతే.

రెండురోజులు టేకు అడవిలో నడిచాక దారికి అడ్డంగా ఒక నల్లగుట్ట కనిపించింది. దగ్గరికెళితే అది గుట్ట కాదు, ముడుచుకుని పడుకున్న అలుగు, చీమల్ని తినే పొలుసుల జంతువు. ఇల్లంత అలుగు! ఒళ్ళంతా పలకలు పలకలుగా ఇనుప పొలుసులు.

"ఎవరది? మళ్ళీ సమ్మెట తెచ్చావా?" అని లోపలినుంచి మూలుగు వినిపించింది.

"సమ్మెట నాకెవరిస్తారు? నేను మూసలు చేసేదాన్ని. కాస్త పక్కకు జరుగు, పోవాలి."

"జరిగే ఓపికే ఉంటే ఇలా ఎందుకు పడుంటాను! ముందొచ్చిన మీసాలాయన నా వీపు మీద నాలుగు దెబ్బలేసి, ఎక్కి దూకి పోయాడు. పోయిన వానాకాలం ముడుచుకుని పడుకున్నాను. లేద్దామంటే పొలుసులు విచ్చుకోవు."

బయ్యక్క ఒక పొలుసు అంచు గీకి చూసింది. గోరు ఎర్రబడింది. పకపకా నవ్వింది. "నీకు తుప్పు పట్టిందే తల్లీ!"

"నవ్వకు. ఇంత పెద్ద జంతువును పట్టుకుని తుప్పు పట్టిందంటావా?"

"మా ఇంట్లో తలుపు గొళ్ళానికీ పడుతుంది. ఉండు."

ఆముదం బుర్ర మూత తీసింది. పొలుసు పొలుసుకూ సందుల్లో బొట్టు బొట్టు వేసి, చెట్టుకింద ఏరుకొచ్చిన చింతకాయ తొక్కతో రుద్దింది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి మెడ కదిలింది, మరునాటి పొద్దుటికి తోక కదిలింది. కిర్రు కిర్రుమంటూ అలుగు విచ్చుకుని, నాలుగు కాళ్ళ మీద లేచి ఒళ్ళు విరుచుకుంది. బుర్రలో బొట్టు మిగల్లేదు. బయ్యక్క జుట్టు గడ్డిలా ఉంది.

"ఎక్కు. ఒక రోజు పోగొట్టాను, ఆ రోజు నేనే తెచ్చి ఇస్తాను" అంది అలుగు. ఆ అడవిలో చీమలకు తెలియని అడ్డదార్లు కూడా దానికి తెలుసు.

నాలుగోరోజు సాయంత్రానికి గాలిగవి చేరారు. రెండు కొండల మధ్య ఇరుకు సందు అది. అటు కొండ మీద ఒక భూతం, ఇటు కొండ మీద ఒక భూతం. అన్నదమ్ములు. ఒకడి పేరు ఊదుడు, ఇంకొకడి పేరు పీలుపు. ఒకడు ఊదుతాడు, ఒకడు పీలుస్తాడు. మధ్యలో పడ్డవాణ్ణి ఒకడు నెట్టేస్తే ఒకడు లాగేస్తాడు. రాళ్ళూ కొమ్మలూ సుడి తిరుగుతున్నాయి.

"నేను ముందు!" అని ఊదుడు అరిచాడు.

"నువ్వెవడివిరా ముందు? నేను పుట్టాక గదా నువ్వు పుట్టింది!" అని పీలుపు అరిచాడు.

"అమ్మ నాకే ముందు పాలిచ్చింది!"

"ఏడుపుగొట్టువని ఇచ్చింది!"

బయ్యక్క ఒక బండ చాటున కూర్చుని వాళ్ళ గాలిని విన్నది. విన్నకొద్దీ ఆమెకు తెలిసిన చప్పుడే వినిపించింది. కొలిమికి జంట తిత్తులుంటాయి. ఒకటి లేచేటప్పుడు ఒకటి దిగాలి. రెండూ ఒక్కసారి లేచాయో, బొగ్గు ఎగిరి మొహాన పడుతుంది. ఈ అన్నదమ్ములు వరస తప్పిన తిత్తులు, అంతే. చూడటానికే భూతాలు.

లేచి నిలబడి, నడుముకు చేయి పెట్టి కేకేసింది. "ఓరి తిత్తి వెధవల్లారా! ఎవరు నేర్పారర్రా మీకీ పని?"

భూతాలు బిత్తరపోయాయి. వెయ్యేళ్ళలో వాళ్ళనెవరూ అలా తిట్టలేదు.

"ఎవరూ నేర్పలేదు" అన్నాడు ఊదుడు, కొంచెం సిగ్గుపడుతూ.

"తెలుస్తూనే ఉంది. నేను పాడతాను, పాటకు తగ్గట్టు పోటు వేయాలి. 'లే' అంటే నువ్వు ఊదు. 'దిగు' అంటే వాడు పీల్చాలి. ముందెవరు, వెనకెవరు అని నోరెత్తారో, పాట ఆపేస్తాను."

*లేవయ్యా లే, లేగదూడ లేచినట్టు లే,*
*దిగవయ్యా దిగు, బావిలో చేద దిగినట్టు దిగు.*

మొదట తప్పారు. రెండోసారి తప్పారు. "నీ గడ్డం అడ్డమొస్తోందిరా!" అని పీలుపు అంటే, "నీ కడుపు సంగతి చూసుకో!" అని ఊదుడు అన్నాడు. నాలుగోసారికి వరస కుదిరింది. పోటుకూ పోటుకూ నడుమ గాలి నిలిచిపోయే రెప్పపాటు ఒకటి దొరికింది. పాట ఆపకుండా, ఆ రెప్పపాటుకొక అడుగు చొప్పున వేసుకుంటూ బయ్యక్క గవి దాటేసింది. అలుగు ఇవతలే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అన్నదమ్ములిద్దరూ పోటు మీద పోటు వేసుకుంటూ, వెయ్యేళ్ళకు మొదటిసారి నవ్వుకుంటున్నారు.

అయిదోరోజు సెగలకొండ. రాయంతా కణకణలాడుతోంది. కొన మీద బొగ్గుకన్నా నల్లగా, పండు ముసలిది ఒకతె కాళ్ళు బారజాపి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో కోడిపిల్లంత వెలుగు ముడుచుకుని నిద్రపోతోంది. అదే సెగ.

"కూర్చో. కాలితే చెప్పు" అంది సెగలవ్వ.

"కాలుతోందవ్వా."

"ముందొచ్చినవాళ్ళు కాలుతున్నా కాలలేదన్నారు. సరే, వాళ్ళనడిగిన మాటే నిన్నూ అడుగుతున్నా. పూతమీదున్న నా ఇప్పచెట్లను కొట్టారు. నా బిడ్డలు వాళ్ళు. ఆ తప్పెవరిది?"

బయ్యక్కకు అప్పుడర్థమైంది. మామ ఏం చెప్పి ఉంటాడో కూడా అర్థమైంది. రాజుదంటాడు, కట్టెకొట్టేవాళ్ళదంటాడు. తండ్రిని కాపాడాలంటే ఏం చెప్పాలి?

"మా నాయనదే అవ్వా" అంది చివరికి. "తొందరపడ్డాడు." మళ్ళీ తనే అంది. "నాదీ ఉంది. బండ్లొచ్చిన రోజు మొద్దులు దింపింది మేమే. కొమ్మలకు ఇంకా పూలున్నాయి, తేనెవాసన వస్తోంది. నేను చూశాను. గీత దాకా వెళ్ళాను కూడా. మనమాట ఎవరు వింటారులే అని మూస దించి వెనక్కి వచ్చేశాను."

సెగలవ్వ ఒడిలోని సెగను సర్దుకుంది. "ఒక్క మాట అని ఉంటే?"

"మా నాయన వినేవాడేమో. వినకపోయేవాడేమో. అనలేదు కాబట్టి తెలియదు."

"ఇప్పటికి ఒకతె నిజం చెప్పింది" అంటూ అవ్వ సెగను రెండు చేతులా ఎత్తి మూసలో పెట్టి మూత వేసింది. మూస చిటుక్కున కూడా అనలేదు. "చూడమ్మా, ఇది నాలుగురోజులుంటుంది. తెచ్చిన చేయే కొలిమిలో పోయాలి. ఇంకో చేతికిస్తే బూడిదే. ఇంకోటి, పోయగానే పని కాదు. తెల్లమంట వచ్చేదాకా కొలిమిని నడిపించాలి. నడిపించేవాళ్ళు నోరు మూసుకున్నారో, ఇది తిరిగి నా ఒడికొచ్చేస్తుంది. పూతచెట్టు మీద మళ్ళీ గొడ్డలి పడినా అంతే."

బయ్యక్క దండం పెట్టి దిగింది. పాడుకుంటూ గవి దాటింది, అలుగు మీద అడవి దాటింది. పున్నమి రోజు పొద్దున కొలిమిపాడు పొలిమేరలో దిగింది.

కొలిమి దగ్గర ఊరంతా ఉంది. రాజు కూడా వచ్చి ఉన్నాడు. మారోజుకు పెదవుల దాకా ఇనుమెక్కింది. కళ్ళు మాత్రమే కదులుతున్నాయి. ఆ కళ్ళు కూతుర్ని చూసి చెమ్మగిల్లాయి.

"తెచ్చావా! ఇలా ఇవ్వవే, ఇలా ఇవ్వు" అంటూ సింగోజు పరుగెత్తుకొచ్చాడు.

"నేనే పోయాలి మామా. నీ చేతికిస్తే బూడిదైపోతుంది."

సింగోజు గీత మీద అడ్డంగా నిలబడ్డాడు. "గీత దాటుతావా? ఉన్న చల్లమంట కూడా ఆరిపోతుంది! బావ ఒప్పుకుంటే దాటు."

అందరూ మారోజు వైపు చూశారు. అతను ఏం చెప్పగలడు? పెదవులు ఇనుము. రాజు వైపు చూశారు. రాజు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. దాటమని చెప్పేవాళ్ళు లేరు. మూసలో సెగ అప్పటికే మినుకుమినుకుమంటోంది.

ఇప్పతోపు బండ్లొచ్చిన రోజున కూడా బయ్యక్క సరిగ్గా అక్కడే నిలబడింది.

"పక్కకు జరుగు మామా" అంది. గట్టిగా అనలేదు, కానీ ఊరంతటికీ వినిపించింది. "ఆ నిప్పుకు అలిగే అలవాటే ఉంటే, పూతచెట్టు బొగ్గు పోసిన చేతుల మీద అలిగింది. నా నీడ మీద కాదు."

అతని పక్కనుంచి అడుగు తీసి గీత లోపల పెట్టింది. చల్లమంట ఆరలేదు, చిన్నబోలేదు, అసలు ఆమెను పట్టించుకోలేదు. బయ్యక్క కొలిమి నోట్లో మూస బోర్లించింది. సెగ కళ్ళు తెరిచి బొగ్గుల్లోకి పాకింది. ఒక మూల మోదుగుపువ్వంత ఎరుపు మొలిచింది.

"తిత్తులు పట్టండి!" అంది.

ఎవరూ కదల్లేదు. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పిచ్చోజు తాత ముందుకొచ్చాడు. అరవయ్యేళ్ళుగా తిత్తి ఊదుతున్న మనిషి, పళ్ళన్నీ ఊడిపోయాయి, మాటలో మాత్రం పదునుంది. "నా చేతులకు చెప్పేవాళ్ళు కావాలి గానీ, చెప్పేవాళ్ళకు మీసముందా లేదా అని అవి చూడవే! ఏ తిత్తి పట్టమంటావో చెప్పు."

"ఎడమది తాతా. బొగ్గు మంచిది కావాలి. అమ్మా, పోయినేటి తుమ్మబొగ్గు నీకు గుర్తుందిగా, ఏరి తీసుకురండి. ఆడాళ్ళంతా లోపలికే తెండి, గీత దగ్గర దింపితే కుదరదు. మిగతా తిత్తులకు ఇద్దరేసి నిలబడండి."

ఒకరు కదిలారు, తర్వాత నలుగురు కదిలారు. ఎనిమిది తిత్తులూ లేచాయి, దిగాయి. ఎరుపు కొలిమి నిండా పాకింది. సింగోజు మాత్రం చేతులు కట్టుకుని బయటే నిలబడ్డాడు. కానీ చెవులు కట్టుకోలేడుగా! నాలుగు వందల పోట్లు పడ్డాక ఉన్నట్టుండి అరిచాడు.

"ఆ మూడో తిత్తి ఆపండి! తోలు ఏడుస్తోంది, వినబడదా? మూడువారాలు ఎండింది. ఇంకో పాతిక పోట్లకు చీలుతుంది!"

బయ్యక్కకు వినబడలేదు. మంట చూడటం ఆమెకు తెలుసు గానీ, తోలు వినడం తెలియదు. తెలిసినట్టు నటించలేదు. "మామా, నాకది తెలియదు. నువ్వొచ్చి చూడు. తిత్తులన్నీ నీవే."

సింగోజు లోపలికి దూకాడు. తడిగోనె కప్పించి, తోలు మెత్తబడేదాకా పోటు నిదానం చేయించి, మళ్ళీ వేగం పెంచాడు. ఇప్పుడు అతని గొంతు కూడా పాటలో కలిసింది. మంట తంగేడురంగుకు తిరిగింది.

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది, వెయ్యి! అయిపోయింది, ఆపండి!" అన్నాడు సింగోజు.

"ఆపొద్దు!" అంది బయ్యక్క.

"వెయ్యంటే వెయ్యేనే! మా తాతల లెక్క అది!"

"తాతల కొలిమి ఏనాడూ ఆరలేదు మామా. ఇది మూడువారాలు చల్లబడింది. మంట వైపు చూడు. ఇంకా తంగేడుపువ్వే. జిల్లేడుపాలు కావాలి. నువ్వు తోలు విన్నావు, నేను ఊరుకున్నాను. ఇప్పుడు నేను మంట చూస్తున్నా, నా మాట విను."

సింగోజు మంట చూశాడు. ముప్పైయేళ్ళలో లెక్క తప్పిపోతుందేమోనని అతను మంటకేసి తేరిపార చూసిందే లేదు. తిత్తివాళ్ళ వైపు తిరిగాడు. "ఏం చూస్తార్రా? పిల్ల చెప్పింది వినలేదా? ఊదండి!"

వెయ్యిన్నూరు, వెయ్యిన్ని రెండు వందలు. చేతులు బొబ్బలెక్కాయి. పిచ్చోజు తాత పాటలోనే రాజుగారిని తిట్టాడు, రాజు విననట్టు ఊరుకున్నాడు. వెయ్యిన్ని నాలుగు వందల పోటుకు కొలిమి నోరు జిల్లేడుపాలలా తెల్లబడింది. సెగ భగ్గున ఊరంతా కమ్మింది. ముందు వరసలో నిలబడ్డవాళ్ళు "అబ్బా!" అంటూ వెనక్కి దూకారు. కాలినందుకు అంతగా సంతోషపడ్డ జనాన్ని ఏ రాజ్యంలోనూ చూసి ఉండరు.

మారోజు పెదవులు కదిలాయి. మెడ మెత్తబడింది. ఇనుము ఎండకు మంచులా కరిగి జారిపోయింది. అడుగు వేయబోయి తూలితే, ఒక పక్క కూతురు, ఒక పక్క సింగోజు పట్టుకున్నారు. ఊళ్ళో ఎవరి పొయ్యి మీదో అప్పటికే ఎసరు కుతకుతలాడుతోంది.

రాజు గొంతు సవరించుకున్నాడు. "చాటింపు ప్రకారం కొలిమి పెద్దరికం ఈ పిల్లదే. ఇంకేం కావాలో కోరుకో తల్లీ. మా యువరాజుకు ఈడు వచ్చింది..."

"యువరాజుగారికి తిత్తి ఊదడం వచ్చా?" అని బయ్యక్క అడిగింది.

రాజు తెల్లమొహం వేశాడు. "రాదు."

"వస్తే పంపండి. తిత్తికి ఇద్దరేసి కావాలి. పూతచెట్టు మీద గొడ్డలి వేయొద్దని మాత్రం రాజ్యమంతా చాటించండి. ఇక ఈటెలు తర్వాత, కర్రులు ముందు."

రాజు సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు?

మరునాడు తెల్లవారేసరికి చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా మొద్దుకర్రులు భుజాన వేసుకుని వరస కట్టారు. ఆకాశం నల్లబడుతోంది. ఆడవాళ్ళు మూసలు ఎత్తుకుని తిన్నగా కొలిమి దాకా వచ్చి దించుతున్నారు. ఎన్ని కాళ్ళు తొక్కాయో గానీ బూడిద గీత ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు. బయ్యక్క ఎండుగడ్డిలాంటి జుట్టు ముడేసుకుని, ఎవరు ఏ పని పట్టాలో చెబుతోంది. ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి మంటలో రంగులు చూపిస్తోంది. సింగోజు పక్కనే నిలబడి తోలు వినడం నేర్పిస్తున్నాడు.

మారోజు మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ముప్పైయేళ్ళు తాను నిలబడిన చోట కూతురు నిలబడి ఉంది. తలపాగా సవరించుకుని అడిగాడు.

"నన్నేం చెయ్యమంటావే?"

బయ్యక్క అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కాళ్ళు ఇంకా బరువుగా ఉన్నాయిగా నాయనా. నువ్వు కూర్చుని కర్రులకు పదును పెట్టు. నీలా పదును పెట్టేవాళ్ళు ఇక్కడెవరూ లేరు."

మారోజు కూర్చుని మొదటి కర్రు చేతిలోకి తీసుకున్నాడు. అంతలో వాన చినుకు ఒకటి వేడి ఇనుము మీద పడి చుయ్‌మంది.

కథ చల్లారింది. మీ కంచాల్లో అన్నం చల్లారకముందే లేవండర్రా.